మొరాయించే హబ్బు: పాత లాండ్ క్రూయిజర్ చక్రం ఊడదీసే ముందు

క్యాంపు ఆవరణలో ఒక పాత బండి బానెట్ తెరిచి ఉంటే చాలు, సెలవు రోజున దాని చుట్టూ పది మంది చేరతారు. ఇద్దరు పని చేస్తారు, ఎనిమిది మంది సలహాలు చెబుతారు. ఇంజన్ పనికి సలహాలు తక్కువ, ఎందుకంటే దాని గురించి అందరికీ కొంచెం భయం. చక్రం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ప్రతి ఒక్కరూ మెకానిక్కే. "ఇంకో దెబ్బ వెయ్యి తమ్మీ, వస్తది" అనేవాడు ఒకడు కచ్చితంగా ఉంటాడు.

మేము ఆఫీసు గుమాస్తాలం. కంపెనీ వర్క్‌షాపుకు జాబ్ కార్డులు రాయడం, స్పేరు పార్టుల బిల్లులు సరిచూడడం మా పని. మా చేతులకు గ్రీజు అంటేది తక్కువే గానీ, ఏ పని ఎక్కడ చెడి ఎంత ఖర్చయిందో మా రిజిస్టర్లలో కనిపిస్తుంది. ముందు చక్రం హబ్బు పని మీద వచ్చే కార్డుల్లో చాలా వాటిలో అసలు జబ్బు చిన్నది. విరిగిన స్టడ్డు, పగిలిన ఫ్లాంజి, నలిగిన నట్టు - ఇవన్నీ విప్పేటప్పుడు వచ్చినవే. అందుకని మా వర్క్‌షాపు మెకానిక్కులను కూర్చోబెట్టి అడిగి ఈ వారం ఇది రాస్తున్నాం. వాళ్లలో ఎక్కువ మంది జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు. ఒకాయన కడప. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఇవే బండ్లు విప్పుతున్నారు.

మనవాళ్ల మధ్య తిరిగే పాత ఫోర్ వీల్ బండ్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి టయోటా లాండ్ క్రూయిజర్. 1984లో వచ్చిన 70 సిరీస్ పికప్పులు సైట్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. 1990 నుంచి 1997 వరకు అమ్మిన 80 సిరీస్‌ను మన డ్రైవరన్నలు కొందరు ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కుంటారు. రెండోది నిస్సాన్ పాట్రోల్. కొత్త పాట్రోల్ 2010లో వచ్చాక కూడా పాత రకాన్ని ఇక్కడ సఫారీ పేరుతో అమ్మారు. రెండింటికీ ముందు వైపు ఒకే ముక్కగా ఇరుసు ఉంటుంది. విప్పే పద్ధతి దాదాపు ఒకటే, తేడాలు కింద చెబుతాం.

ఎందుకు పట్టేస్తుంది?

చలి దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడ హబ్బులు తుప్పుతో పట్టేస్తాయి. ఇక్కడ వాన లేదు కదా, తుప్పెక్కడిది అంటారు మనవాళ్లు. సముద్రం పక్కనే ఉన్నాం. ఆగస్టు రాత్రుల్లో గాలిలో తడి ఎంత ఉంటుందో, పొద్దున్నే బస్సు అద్దం తుడిచే డ్రైవరును అడగండి. ఆ తడిలో ఉప్పు ఉంటుంది. సబ్ఖా నేలల్లో తిరిగే బండికి కింద నుంచీ ఉప్పే. దానికి తోడు పిండిలాంటి ఇసుక పాత గ్రీజులో కలిసి గట్టిగా ముద్ద కడుతుంది. అల్యూమినియం రిమ్మును ఇనప హబ్బు మీద ఏళ్ల తరబడి వదిలేస్తే, రెండు లోహాల మధ్య తడి చేరి తెల్లటి పొడి పుట్టి, అతికించినట్టు పట్టుకుంటుంది.

ఇంకొక కారణం 2024 ఏప్రిల్ 16. ఆ రోజు వాన ఎవరూ మరచిపోలేదు. 1949లో లెక్కలు మొదలైన తర్వాత ఈ దేశంలో అంత వాన నమోదు కాలేదు. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్లు కురిసింది. షార్జాలో, దుబాయిలో బండ్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయి. ఇంజన్‌లోకి నీరు పోయిన బండ్లను వెంటనే గ్యారేజీకి లాగారు. పాత లాండ్ క్రూయిజర్ ఎత్తు గనుక ఇంజన్‌కు ఏమీ కాలేదు, యజమాని సంతోషించి తిప్పుకున్నాడు. కానీ నీళ్లు ఇరుసు ఎత్తు దాటితే హబ్బు లోపలికి చేరతాయి. గ్రీజు పాలు కలిపిన టీ రంగులోకి మారుతుంది. బేరింగు రోలర్ల మీద తుప్పు చుక్కలు పడతాయి. ఏడాదికో రెండేళ్లకో బండి గర్రుమనడం మొదలవుతుంది, లేదా పాసింగ్‌కు తీసుకెళితే చక్రం ఆట ఉందని వెనక్కి పంపుతారు. అప్పుడు హబ్బు విప్పాలి. అప్పుడది రాదు.

ఎడ్ల బండి తెలిసిన వాళ్లకు

హబ్బు లోపల ఏముందో కళ్లకు కట్టాలంటే మన ఊరి ఎడ్ల బండే మంచి పాఠం. ఇరుసు కదలదు. చక్రం నడిమి దిమ్మ దాని చుట్టూ తిరుగుతుంది. జారిపోకుండా బయట కడశీల. అరగకుండా లోపల కందెన. కడశీల పీకకుండా చక్రాన్ని లాగితే ఎన్ని ఎడ్లు లాగినా రాదు, పీకితే ఇద్దరు మనుషులు తీస్తారు.

లాండ్ క్రూయిజర్ హబ్బు కూడా అంతే, కాకపోతే కడశీలలు ఒకటి కాదు, నాలుగైదు రకాలు. లోపలి గొట్టాన్ని స్పిండిల్ అంటారు, అది తిరగదు. దాని మీద రెండు టేపర్ బేరింగులు, వాటి మీద హబ్బు. బేరింగులను పట్టి ఉంచేది పెద్ద నట్టు, దాని మీద తాళం వాషరు, ఆపైన మరో నట్టు. స్పిండిల్ మధ్యలోంచి ఇంజన్ శక్తి తెచ్చే షాఫ్టు బయటికి వస్తుంది. ఆ షాఫ్టు పళ్లను హబ్బుకు కలిపే మూతే ఫ్లాంజి. ఫ్లాంజిని ఆరు స్టడ్లు, ఆరు నట్లు పట్టి ఉంచుతాయి. షాఫ్టు కొసన ఒక సర్‌క్లిప్పు. హబ్బు వెనక బ్రేకు డిస్కు, దాన్ని కొరికి పట్టుకొని బ్రేకు క్యాలిపరు.

ఇప్పుడు లెక్క పెట్టండి. హబ్బు రావడం లేదంటే ఇందులో ఏదో ఒకటి ఇంకా పట్టుకునే ఉంది. మా మెకానిక్కులు చెప్పేదాన్ని బట్టి, సెలవు రోజుల్లో చేసే పనుల్లో ఎక్కువసార్లు మరిచిపోయేది క్యాలిపరును. ముందు నట్లన్నీ విప్పి, చెమటలు కక్కుతూ హబ్బును లాగుతుంటారు. వెనక బ్రేకు ప్యాడ్లు డిస్కును పట్టుకొని నవ్వుతుంటాయి. ముందు క్యాలిపరు బోల్టులు రెండూ తీయాలి. తీశాక దాన్ని గొట్టం మీద వేలాడదీయవద్దు, తీగతో స్ప్రింగుకు కట్టాలి. బ్రేకు గొట్టం లోపల చీలితే పైకి కనిపించదు, ఎక్కడో హైవే మీద తెలుస్తుంది.

ఆరు కోన్ వాషర్లు

పాత లాండ్ క్రూయిజర్‌లో అందరినీ ఏడిపించేది ఇదే. ఫ్లాంజి నట్లు విప్పేస్తారు, అయినా ఫ్లాంజి అంగుళం కదలదు. కారణం, ప్రతి నట్టు కింద స్టడ్డు చుట్టూ గరాటు ఆకారంలో ఒక చిన్న వాషరు దిగి ఉంటుంది. దానికి పక్కన ఒక చీలిక. గొడ్డలి కామలోకి చీల కొడితే ఎలా బిగుస్తుందో అలాగే నట్టు బిగించిన కొద్దీ ఇది ఫ్లాంజి రంధ్రంలోకి దిగి స్టడ్డును పిసికి పట్టుకుంటుంది. నట్టు తీసినంత మాత్రాన చీల ఊడదు కదా. ఆరూ పైకి వస్తేనే ఫ్లాంజి వస్తుంది.

మా కడప అన్న చెప్పే పద్ధతి ఇది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె ప్రతి స్టడ్డు మొదట్లో పోసి వదిలేయాలి. డబ్ల్యూడీ-40 లాంటిది ఏదైనా సరే, పోసిన ఐదు నిమిషాలకే సుత్తి ఎత్తితే దండగ. తెల్లవారి షాఫ్టు కొసన ఉన్న మూత తీసి, సర్‌క్లిప్పు తీయాలి. ఆరు నట్లూ వదులు చేసి, పూర్తిగా తీసేయకుండా స్టడ్డు కొసతో సమానంగా ఉండేలా ఉంచాలి. దెబ్బ జారి తగిలినా మరలు చెడకుండా ఆ నట్టు కాపాడుతుంది. తర్వాత ఇత్తడి కడ్డీ తీసుకొని స్టడ్డు పక్కనే ఫ్లాంజి ముఖం మీద పెట్టి, సుత్తితో గట్టిగా, పొట్టిగా కొట్టాలి. ఒకచోటే కాదు, చుట్టూ తిరుగుతూ. అదిరినప్పుడు కోన్ వాషరు టక్కున పైకి లేస్తుంది. అందుకే నట్టు అక్కడ ఉండాలి, లేకపోతే వాషరు ఎగిరి ఇసుకలో పడుతుంది. ఇక దాన్ని వెతకడమే ఆ పూట పని.

ఇనప ఉలి పెట్టి చీలికలోకి కొట్టి తీసేవాళ్లు కూడా ఉన్నారు. వస్తుంది, రాదనం. కానీ వాషరు చెడుతుంది, పెచ్చు ఎగిరితే కంటికి ప్రమాదం. ఇత్తడి మెత్తన, అది నలుగుతుంది గాని పగిలి ఎగరదు. ఇత్తడి కడ్డీ ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఆయన నవ్వాడు. "షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత సామాను దుకాణాల్లో కుప్పలు పడి ఉంటాయన్నా, అడిగే నాథుడే లేడు" అన్నాడు.

ఫ్లాంజి మీద రెండు ఖాళీ మరల రంధ్రాలు కనిపిస్తాయి. అవి ఎందుకో చాలా మందికి తెలియదు. 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు వాటిలో పెట్టి, ఒకదానికి అర చుట్టు, రెండోదానికి అర చుట్టు బిగిస్తూ పోతే ఫ్లాంజి తనంతట తానే ముందుకు వస్తుంది. కంపెనీ వాడు దాని కోసమే పెట్టాడు. అయితే ఆరు కోన్‌లూ బయటికి వచ్చాకే. ముందే బిగిస్తే రంధ్రం మరలు ఊడిపోతాయి, లేదా ఫ్లాంజి చెవి పగులుతుంది. చేత్తో తిప్పి లాక్ చేసే హబ్బు ఉన్న బండ్లలోనూ ఇవే కోన్ వాషర్లు ఉంటాయి. అక్కడ ఇంకా మెత్తగా కొట్టాలి, ఆ డబ్బా పగిలితే కొత్తది కొనాల్సిందే.

పాట్రోల్ వాళ్లకు ఈ కోన్‌ల బాధ లేదు. కానీ దాని బేరింగు నట్టుకు అంచులు ఉండవు, కన్నాలు ఉంటాయి. దానికి వేరే పానా కావాలి. లాండ్ క్రూయిజర్ నట్టుకు 54 మిల్లీమీటర్ల సాకెట్టు. రెండింటిలోనూ మనవాళ్లు ఉలి ఆనించి సుత్తితో తిప్పుతారు. నట్టు అంచు చెక్కుకుపోతుంది, ఆ ఇనప రజను బేరింగులో పడుతుంది. కొత్త బేరింగు వేసిన నెలకే మళ్లీ గర్రుమంటే, బేరింగు డూప్లికేటు అని అమ్మినవాణ్ణి తిడతారు. సాకెట్టు ఒకటి కొనుక్కుంటే క్యాంపు మొత్తానికీ పదేళ్లు వస్తుంది. సాకెట్టు పెట్టే ముందు తాళం వాషరు చెవి ఎటు మడిచి ఉందో చూసి, దాన్ని ముందు చదును చేయాలి. చాలాసార్లు "నట్టు జామ్" అనేది ఆ చెవి మడతే.

నట్టు, వాషరు వచ్చాక హబ్బును కొంచెం ముందుకు లాగండి, బయటి బేరింగు మీ చేతిలోకి జారుతుంది. ఇసుక నేల మీద పని చేస్తుంటే కింద శుభ్రమైన గుడ్డ పరిచి ఉండాలి. ఇసుక అంటిన బేరింగును తుడిచి వాడటం కంటే బయట పెట్టడమే మేలు.

రిమ్మే రాకపోతే

కొన్నిసార్లు కథ హబ్బు దాకా కూడా రాదు, రిమ్మే ఊడదు. నట్లన్నీ తీసి, జాకీ మీద ఉన్న బండి చక్రాన్ని కాలితో తన్నేవాళ్లను చూశాం. జాకీ మీద ఉన్న బండిని ఊపడం అంటే మరణాన్ని పిలవడమే. దానికి సులువైన దారి ఉంది. నట్లు ఒకటి రెండు చుట్లు మాత్రమే వదులు చేసి, బండిని పూర్తిగా కిందికి దించి, నెమ్మదిగా రెండడుగులు ముందుకు, రెండడుగులు వెనక్కి నడిపించాలి. బండి బరువే రిమ్మును కదిలిస్తుంది. చిన్న చప్పుడు వినిపించగానే ఆపాలి. నట్లు మాత్రం పూర్తిగా తీయకూడదు.

గ్యాసు మంట మాట కూడా ఇక్కడే చెప్పాలి. వెల్డింగు పని తెలిసిన తమ్ముళ్లు మన క్యాంపుల్లో చాలా మంది. "జర్ర వేడి చేస్తే వస్తదన్నా" అంటారు. టైరు ఉన్న రిమ్ముకు, దాని నట్లకు మంట పెట్టవద్దు. వేడికి టైరు లోపలి రబ్బరు నుంచి మండే వాయువు పుట్టి, కాసేపటికి టైరు బాంబులా పేలవచ్చు. మంట తీసేసిన తర్వాత కూడా పేలవచ్చు. గాలి తీసేసినా భయం పోదు. టైరు లేని హబ్బుకు మంట పెట్టినా గ్రీజు అంటుకుంటుంది, సీలు కాలుతుంది, బేరింగు ఉక్కు గట్టిదనం పోతుంది. ఈ పనికి మంట అవసరం లేదని మా మెకానిక్కులు ముగ్గురూ ఒకే మాట చెప్పారు. మామూలుగా వాళ్లు ముగ్గురూ ఏ విషయంలోనూ ఒకే మాట చెప్పరు.

వెనక డ్రమ్ము పట్టేస్తే హ్యాండ్ బ్రేకు దించారో లేదో చూడండి. తర్వాత బ్రేకు షూలను వెనక కన్నంలోంచి వదులు చేయండి. డ్రమ్ము మీద కూడా 8 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు ఉంటాయి, అదే పద్ధతి. లోపలి నల్ల దుమ్మును నోటితోనో గాలి పైపుతోనో ఊదవద్దు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డతో తుడవండి.

బండి కింద మనిషి

హబ్బు పోతే డబ్బు పోతుంది. మనిషి సంగతి వేరు.

నట్లను బండి నేల మీద ఉన్నప్పుడే వదులు చేయాలి. జాకీ కింద చెక్క పలక వేయాలి, ఇసుకలో జాకీ ఒక్కటే నిలవదు. ఇరుసు కింద స్టాండు పెట్టాలి. ఇటుకలు, సిమెంటు బ్లాకులు స్టాండు కావు, బ్లాకు చెప్పి పగలదు. మిగతా చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు వేయాలి. పాట్రోల్ వాళ్లు ఇక్కడ ఇంకా జాగ్రత్త. దాని హ్యాండ్ బ్రేకు చక్రాలను కాదు, గేరు పెట్టె వెనకున్న షాఫ్టును పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి గాలిలోకి లేచిందంటే, డిఫరెన్షియల్ వల్ల రెండోది తిరగగలదు. హ్యాండ్ బ్రేకు వేసే ఉంటుంది, బండి మాత్రం దొర్లుతుంది. ఇది తెలియక జాకీ మీద నుంచి జారిన బండ్లు ఉన్నాయి.

కళ్లద్దాలు పెట్టుకోండి. సైటులో సేఫ్టీ ఆఫీసరు కోసం పెట్టుకుంటాం, సెలవు రోజున మరచిపోతాం. సెలవు రోజు సొంత బండి కింద తగిలిన దెబ్బ డ్యూటీలో జరిగిన ప్రమాదం కింద లెక్కకు రాదు. కంపెనీ నుంచి ఆ నష్టపరిహారం ఆశించలేం. 2025 జనవరి 1 నుంచి షార్జా, అజ్మాన్ వంటి ఎమిరేట్లలో కూడా ప్రైవేటు ఉద్యోగులకు ఆరోగ్య బీమా తప్పనిసరి అయింది, కాబట్టి వైద్యం దొరుకుతుంది. వేలు పోతే, కన్ను పోతే, తర్వాత ఇంటికి పంపే డబ్బు సంగతి బీమా చూడదు. దెబ్బ తగిలితే అంబులెన్సు నంబరు 998.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వమే కంపెనీలను ఆపింది. ఆ గంటల్లో మనకు మనమే ఎండలో పని పెట్టుకోవడం ఏమి తెలివి? తెల్లవారుజామున మొదలుపెట్టండి. క్యాంపు బాసును ముందే అడగండి. రోడ్డు మీద, పబ్లిక్ పార్కింగులో విప్పితే జరిమానా పడే పని. పాత గ్రీజు, కిరోసిన్ ఇసుకలో పారబోయకుండా డబ్బాలో పట్టి గ్యారేజీ డ్రమ్ములో పోయండి.

చేయి తిరిగిన తమ్ముళ్లకు ఇంకో మాట. నాలుగు హబ్బులు విప్పాక పేరు వస్తుంది, బయటి గ్యారేజీ వాళ్లు సెలవు రోజున రమ్మంటారు. పార్ట్ టైము పర్మిట్ లేకుండా వెళ్లవద్దు. 2024 ఆగస్టు 31 నుంచి పర్మిట్ లేని మనిషిని పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా ఉంది. దొరికితే వాడు ముందు చెప్పే మాట "ఇతనెవరో నాకు తెలియదు" అనే. అనుమానం ఉంటే కార్మిక శాఖ నంబరు 600590000కి ఫోన్ చేసి అడగండి.

తిరిగి బిగించేటప్పుడు

ఊడదీయడం సగమే. పాత గ్రీజు మొత్తం కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, రోలర్లను వెలుతురులో తిప్పి చూడండి. ఒక్క చుక్క తుప్పు మచ్చ, ఒక్క గీత కనిపించినా బేరింగును దాని బయటి రింగుతో సహా మార్చాలి. కొత్త రోలర్లు పాత రింగులో వేయడం పొదుపు కాదు. వెనక సీలు, తాళం వాషరు, ఫ్లాంజి కింది ప్యాకింగు కొత్తవి వేయాలి. మూడూ చిన్న ఖర్చులే. గ్రీజును అరచేతిలో పెట్టుకొని బేరింగు వెడల్పు వైపు నుంచి నొక్కితే, రోలర్ల మధ్య నుంచి అవతలికి రావాలి. పైపైన పూస్తే లోపల ఎండే ఉంటుంది.

పెద్ద నట్టును మొదట బిగిస్తూ హబ్బును రెండు వైపులా తిప్పాలి, బేరింగు కూర్చుంటుంది. తర్వాత వదులు చేసి, మాన్యువల్లో చెప్పినంత మళ్లీ బిగించాలి. బలముంది కదా అని బిగిస్తే బేరింగు మాడిపోతుంది, వదులుగా ఉంటే చక్రం ఊగుతుంది. సర్‌క్లిప్పు గాడిలోకి వెళ్లడం లేదని కొట్టకండి. షాఫ్టు కొసన ఒక మరల రంధ్రం ఉంటుంది. 8 మిల్లీమీటర్ల బోల్టు పెట్టి షాఫ్టును బయటికి లాగి పట్టుకుంటే గాడి కనిపిస్తుంది.

చక్రం బిగించాక, దించే ముందే పైనా కిందా రెండు చేతులతో పట్టి ఊపి చూడండి. టకటక అనకూడదు. బండి దించాక, కదిలే ముందు బ్రేకు పెడల్ నాలుగైదు సార్లు నొక్కండి. క్యాలిపరు తీసినందున మొదటి నొక్కుకు పెడల్ ఖాళీగా పోతుంది, గేటు దాకా వెళ్లి తెలుసుకోవడం మంచిది కాదు. పది, పదిహేను కిలోమీటర్లు నడిపి ఆగి, హబ్బు మీద జాగ్రత్తగా చేయి ఆనించండి. గోరువెచ్చగా ఉంటే సరే. రెండు వైపులా పోల్చి చూడండి, ఒకవైపు చేయి పెట్టలేనంత కాలుతుంటే నట్టు ఎక్కువ బిగిసి ఉండవచ్చు, లేదా బ్రేకు పట్టేసి ఉండవచ్చు. అలాంటప్పుడు ఇంకా నడపకుండా మళ్లీ విప్పి చూడాలి. వంద కిలోమీటర్ల లోపు చక్రం నట్లు మరోసారి బిగించండి. 54 సాకెట్టు ఎవరి దగ్గర అరువు తెచ్చారో వాళ్లకు ఆ రోజే ఇచ్చేయండి.